బండికి పట్టిన గాలి

దిండి
9-6-2019

తమ్ముడు భిక్షపతికి అక్క హనుమమ్మ రాసేది,

ఒంట్లో బాగుంటున్నావని తలుస్తాను. పోయినసారి జైలు నుంచి నువ్వు ఫోన్ చేసినప్పుడు ఇచ్చిన కాసేపూ నేను ఏడవడానికే సరిపోయింది. నువ్వు "ఏందే అక్కా, ఏందే" అనేలోపు కట్ అయింది. అందుకే జాబు రాస్తున్నాను. ఏడో తరగతి దాకా చదివిన చదువు ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది.

ఇక్కడ వాన జాడ లేదు. బోర్లు ఎండి బత్తాయి చెట్లు నరికి కట్టెలకు అమ్ముకుంటున్నారు. 

అసలు సంగతి బండిది. మీ బావ పోయాక పికప్ అమ్మేద్దామన్నాను. సంధ్య ఇల్లు పీకి పందిరేసింది. "బాపు బండి బేరం పెడితే నేను గీ ఇంట్ల ఉండనే ఉండ" అని, లైసెన్సు తెచ్చుకొని తానే ఎక్కి కూర్చుంది. పొద్దున పాల క్యాన్లు, తర్వాత ఎవరు పిలిస్తే వాళ్ల కిరాయి. ఆడపిల్ల బండి తోలుడేందని మొదట్లో ఊరంతా నోరు నొక్కుకున్నారు. ఇప్పుడు వాళ్లే "సంధ్యమ్మా, జర రేపు బండి పెట్టు బిడ్డా" అని ఫోన్లు చేస్తున్నారు. మా ఇద్దరి తిండీ బట్టా ఆ బండి మీదే.

కొన్నాళ్లుగా ఆ బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది. కాసేపు నిలబెడితే మళ్లీ లేస్తుంది. మన మెకానిక్ అమరేందర్ చూసి డీజిలు ఫిల్టర్ మార్చాడు. కొన్నాళ్లు మంచిగా నడిచి మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు పంపు మొత్తం విప్పాలంటున్నాడు. నాకు భయంగా ఉంది. ఆ ఇంజన్‌ను విప్పి కట్టింది నువ్వే కాబట్టి నువ్వే చెప్పు.

ఒక మాట. ఎక్కువసార్లు ఆగేది కాలువ కట్ట ఎక్కుడు దగ్గర. మీ బావకు గుండె ఆగింది ఆ జాగాలోనే కదా. సంధ్యతో ఈ మాట అనలేదు, నీకే రాస్తున్నాను.

జవాబు నా పేరు మీదే రాయి. నీ జాబు వస్తే సంధ్య ముట్టను కూడా ముట్టదు. నీ కేసుతో దాని పెళ్లి సంబంధం తప్పిపోయిన కోపం ఇంకా పోలేదు. "గాయన ముచ్చట నా ముంగట తీయకు" అంటుంది.

వేళకు తిను. ఎవరితోనూ లొల్లి పెట్టుకోకు.

నీ అక్క
హనుమమ్మ


జైలు
20-6-2019

అక్కకు దండాలు,

జాబు చేతికిచ్చేటప్పుడు జైలు సారు "మీ అక్క రాత ముత్యాల లెక్క ఉందయ్యా" అన్నాడు. నా గుండె ఉప్పొంగింది. ఇక్కడ నాకు మగ్గం పని ఇచ్చారు. దుప్పట్లు నేస్తున్నాను. పానాలు పట్టిన చేతికి దారం అందదు, పోగు తెగినప్పుడల్లా పక్కన కూర్చున్నవాడు నవ్వుతాడు. నవ్వనీ. నవ్వేవాళ్లు ఉండటమే ఇక్కడ పండగ.

కోడలు పిల్ల బండి తోలుతోందని చదివి ఆ పూట అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాను. దానికి నా మీద కోపం ఉండాల్సిందే. ఆ రోజు షెడ్డులో కోపం ఆపుకోలేక పానా విసిరినవాడిని నేను. ఒక మనిషి ప్రాణం పోయింది. దాని కోపం నేను తగ్గించమని అడగను.

ఇక బండి. నువ్వు రాసింది చాలదు. చూడకుండా చెప్పాలంటే నాకు కళ్లు నువ్వే కావాలి. ఆగేటప్పుడు తాళంచెవి తిప్పినట్టు టక్కున ఆగుతుందా, దగ్గి దగ్గి ఆగుతుందా? టక్కున ఆగితే కరెంటు దోషం, దగ్గి ఆగితే డీజిలు అందనట్టు. టాంకు నిండుగా ఉన్నప్పుడు ఆగుతుందా, తగ్గినప్పుడా? ఆగాక మళ్లీ లేపడానికి సంధ్య ఏం చేస్తోంది? పక్కన కూర్చొని ఒకసారి పోయి చూసి రాయి.

ఇంకో మాట గట్టిగా గుర్తుపెట్టుకో. నడుస్తుండగా ఇంజన్ ఆగితే బ్రేకు రాయిలాగా అవుతుంది. స్టీరింగు తిరగదు. చదునులో అయితే ఎట్లానో పక్కకు తీయవచ్చు. ఎత్తు మీద, లోడుతో ఆగిందంటే కాలి బలమంతా పెట్టినా నిలవదు. అందుకని దోషం దొరికేదాకా గుట్టలెక్కే కిరాయి ఏదీ ఒప్పుకోవద్దని దానికి చెప్పు. నేను చెప్పానని చెప్పకు, నువ్వే అన్నట్టు చెప్పు.

నీ తమ్ముడు
భిక్షపతి


దిండి
29-6-2019

తమ్మీ,

నువ్వు చెప్పినట్టే పక్కన కూర్చొని పోయాను. సంధ్య "ఏందే అమ్మా, షికారా" అని ఆట పట్టించింది. పిల్ల గేరు మారుస్తుంటే చూస్తూ ఉండిపోయాను. చెయ్యి అచ్చం తండ్రిదే.

కాలువ కట్ట ఎక్కుతుంటే బండి దగ్గింది భిక్షపతీ. టక్కున కాదు. దగ్గి, ఊపిరి అందనట్టు ఊగి, మళ్లీ దగ్గి ఆగింది. ఆయనకు చివరి రోజుల్లో దగ్గు ఎట్లా వచ్చేదో నీకు తెలుసు. నేను కళ్లు మూసుకొని దేవుడిని తలచుకున్నాను. సంధ్య మాత్రం తాపీగా దిగి టైరు కింద రాయి పెట్టింది. బానెట్ ఎత్తి చేతిపంపు కొట్టింది. కొడుతూ కొడుతూ ఉంటే లేచింది.

టాంకు నిండా ఉన్నప్పుడు ఆగడం తక్కువేనట. సగానికి పడ్డాక, అదీ ఎక్కుడులో, తప్పకుండా ఆగుతుందట. ఖాళీ బండి అయితే ఒక్కోసారి గండం గడుస్తుందట. అమరేందర్ మాత్రం పంపు విప్పుతానని ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు.

అదే జాగాలో ఎందుకు ఆగుతుందో చెప్పు. నాకు ఒకటి తోస్తోంది. రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు పనితనం తెలిసినవాడివి, నీ నోటితోనే విందామని ఉంది.

గుట్టలెక్కొద్దని సంధ్యకు చెప్పాను. "సరేనే" అంది. చిన్నప్పుడు కూడా గట్లనే అనేది.

అక్క
హనుమమ్మ


జైలు
8-7-2019

అక్కా,

నీ జాబు ఒక్కసారి చదవగానే తెలిసిపోయింది. సందేహమే లేదు. బండికి గాలి పట్టింది.

అదే జాగాలో ఎందుకని అడిగావు. గాలి పట్టిన బండి అట్లాంటి చోటే తన గుణం చూపిస్తుంది. మిగతా దారిలో ఏమీ ఎరగనట్టు పోతుంది. నువ్వు దగ్గు అని రాశావు చూడు, అదే గుర్తు. మా ఉస్తాద్ బతికి ఉంటే ఆ ఒక్క మాట విని చెప్పేవాడు.

గాలి తీయించు. ఆలస్యం చేయకు. కొత్త పోరగాళ్ల దగ్గరికి పోవద్దు, వాళ్లకు చేతకాదు. కంప్యూటర్ పెట్టి చూసి ఏమీ లేదంటారు. పాతకాలం మనిషిని ఎవరినైనా చూసుకో, ఆయనకు నేను నేర్పే పని లేదు, ఎట్లా తీయాలో ఆయనకే తెలుసు. ఒక్కటి మాత్రం అడుగు. తీసి వదిలేస్తే లాభం లేదు. ఎక్కడి నుంచి జొరబడిందో కనిపెట్టి ఆ దారి మూయాలి. లేకుంటే మళ్లీ పడుతుంది.

అమరేందర్‌ను ఇక బండి మీద చెయ్యి వేయనీయకు. ఏండ్ల సంది ఆ బండిని పట్టుకొని ఉన్న మనిషే, కాదనను. కానీ ఆయన ఉండి చేసే మేలు ఏమీ లేదు. పొమ్మను.

కాగితం అయిపోయింది, ఇక్కడ ఒక్కటే ఇస్తారు.

భిక్షపతి


దిండి
18-7-2019

తమ్ముడా,

నీ జాబు నాలుగుసార్లు చదివాను. నేను కడుపులో దాచుకున్న మాటనే నువ్వు కాగితం మీద పెట్టావు. అమ్మలక్కలు ఎవరన్నా అని ఉంటే కసిరికొట్టేదాన్ని. నువ్వు ఇంజన్ల మనిషివి. నువ్వే గాలి అన్నాక ఇంకేం మిగిలింది?

కానీ ఒకటి అడుగుతాను. పొమ్మను అని ఎంత సులువుగా రాశావురా! ఆయన ఆ బండిని కన్నబిడ్డ లెక్క చూసుకున్నాడు. ఎండలో నిలబడితే గోనె తడిపి బానెట్ మీద కప్పేవాడు. ఎవరికీ చెడు చేసిన మనిషి కాదు. పిల్ల ఒంటరిగా రోడ్ల మీద తిరుగుతోందని మనసు ఆగక ఆ బండిలో దాని వెంట ఉంటున్నాడేమో. నిజం చెప్పాలంటే, ఆయన వెంట ఉన్నాడనుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది. పొద్దున సంధ్య బండి తీసేటప్పుడు వాకిట్లో నిలబడి "పిల్ల జాగ్రత్త" అని ఆయనకే అప్పజెప్తున్నాను.

అట్లాంటి మనిషిని ఏ నోటితో పొమ్మందును? నీకు జైలులో ఉండి మనసు మొద్దుబారింది.

జవాబు రాయకపోయినా సరే.

హనుమమ్మ


జైలు
27-7-2019

అక్కా,

కోప్పడు, పడతాను. కానీ రాయకపోయినా సరే అన్నావు చూడు, ఆ మాటతో మగ్గం మీద చెయ్యి ఆడలేదు.

ఆయన మీద నీకింత అభిమానం ఉందని నాకు తెలియదు. చెడ్డవాడని నేనెప్పుడు అన్నాను? మంచివాడే. కానీ మంచితనంతో బండి నడవదు. ఆయన పిల్ల వెంట ఆ బండిలో ఉంటున్నాడని రాశావు, అది నాకు అసలే నచ్చలేదు. దానివల్ల పిల్లకు మేలు జరగదు, కీడే జరుగుతుంది. మొహమాటం ఎందుకు? ఇన్నాళ్లు ఉన్నావు, చాలు, ఇక పో అని మొహం మీద చెప్పు. నీకు ఆయన ఎక్కువా, పిల్ల ఎక్కువా?

అక్కా, నా బాధ నీకు అర్థం కావడం లేదు. నేను బయట ఉంటే ఇది ఒక పూట పని. ఇక్కడ కూర్చొని ఆ బండి ఎక్కుడులో దగ్గుతున్నట్టు వింటున్నాను. కోడలికి నేను చేయగలిగింది ఈ ఒక్కటే. గాలి తీయించు. నీ కాళ్లు మొక్కుతాను.

నీ తమ్ముడు
భిక్షపతి


దిండి
4-8-2019

భిక్షపతికి అక్క దీవెనలు,

నువ్వు అన్నట్టే చేశాను. నీకు ఆయన ఎక్కువా పిల్ల ఎక్కువా అని అడిగావు, ఆ మాట ముల్లు లెక్క గుచ్చుకుంది. పిల్లే ఎక్కువ.

అమావాస్య నాడు గాలి తీయించాను. నువ్వు చెప్పినట్టు పాతకాలం మనిషినే పిలిచాను. సైదులు తాత అని, ఈ పనిలోనే తల పండిన మనిషి. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆయన దగ్గరికే పోతాయి. సంధ్య పాలకేంద్రానికి పోయి వచ్చి స్నేహితురాలి ఇంటికి వెళ్లింది, అది లేనప్పుడే పని కానిచ్చాను. ఉంటే ఎగతాళి చేస్తుంది, ఒప్పుకోదు. తాత బండి చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. ఎక్కడి నుంచి జొరబడిందో చెప్పమని నువ్వన్నట్టే అడిగాను. డ్రైవరు సీటు కింద చెయ్యి పెట్టి "గిక్కడనే ఉన్నది బిడ్డా" అన్నాడు. అక్కడే గట్టిగా బిగించి దారి మూసేశాడు. నిమ్మకాయలు, కోడి, అన్నీ అయ్యాయి.

తాత పోయాక ఖాళీ బండిని పట్టుకొని ఎంత ఏడ్చానో నాకే తెలుసు. పొమ్మన్నాను తమ్మీ. నా నోటితోనే అన్నాను. ఇప్పుడు నీ మనసు చల్లబడిందా?

తెల్లారి సంధ్య టాంకు నిండా డీజిలు పోయించుకొని, లోడుతోనే కాలువ కట్ట ఎక్కింది. దగ్గలేదు, ఆగలేదు. ఇంటికొచ్చి "బండి మంచిగయిందే అమ్మా, దానంతటదే" అని నవ్వింది. 

ఇంకోటి అడగాలి. శ్రీశైలంలో ఒక సత్రానికి బియ్యం, కూరగాయలు తోలే పని దొరికింది. రోజూ ఉండే పని, పిల్ల ఎగిరి గంతేస్తోంది. మన్ననూరు ఎక్కుడు ఎక్కి అడవిలో నుంచి పోవాలి. నువ్వు గుట్టలొద్దన్నావు కాబట్టి ఆపి ఉంచాను. అది నాతో మాట్లాడడం మానేసింది. నువ్వు సరే అంటేనే పంపిస్తాను. నువ్వు ఊ అను, లేదా ఉహూ అను.

నీ అక్క
హనుమమ్మ


జైలు
13-8-2019

బంగారు అక్కా,

చల్లబడిందా అని అడుగుతున్నావా? నీ జాబు చదివి పక్క మగ్గం వాడిని కావలించుకున్నాను. వాడు నాకు విడుదల ఆర్డరు వచ్చిందనుకున్నాడు.

సైదులు తాత ఎవరో కానీ ఆయన చేతులకు దండం పెట్టాలి. సీటు కిందనే అన్నాడా! డీజిలు పైపు పోయేదే అటు కదా, నేనూ లోపల అదే అనుకున్నాను. చూడకుండా నేను అనుకున్నదీ చూసి ఆయన పట్టిందీ ఒకటే అయింది. బిగించి దారి మూశాడంటే పని తెలిసినవాడే. పాత మనుషులు పాత మనుషులే. రిపేరు అయ్యాక నిమ్మకాయలు, కోడి మా షెడ్డులోనూ ఉండేవి.

ఆయన్ని పంపించేశావు, అదీ మంచి పని. ఏడవకు. కొన్నాళ్లకు మరిచిపోతావు.

ఇక శ్రీశైలం సంగతి. గాలి పోయింది, దారి మూసుకుంది, లోడుతో ఎక్కుడు ఎక్కింది. ఇంకేం కావాలి? ఊ అంటున్నాను. నూరుసార్లు ఊ. పిల్లను ఆపకు. రెండో గేరులో నిమ్మళంగా ఎక్కమను. ఆ ఇంజన్ నా చేత్తో కట్టింది, అడవంతా దాని పాట వినిపిస్తుంది.

ఎప్పుడైనా, తీరిక దొరికితే, మామ అడిగాడని చెప్పు. కోప్పడితే వద్దులే.

నీ తమ్ముడు
భిక్షపతి


దిండి
12-9-2019

భిక్షపతీ,

నీకు జైలు వాళ్లు చెప్పే ఉంటారు. నేను ఇప్పటిదాకా కలం పట్టలేకపోయాను.

సంధ్య లేదు.

రోజూ టాంకు నింపుకొని పోయేది, ఆ రోజు సగమే ఉండగా మన్ననూరు ఎక్కుడులో బండి ఆగిపోయింది. వెనకాల వచ్చిన లారీ డ్రైవరు దవాఖాన దగ్గర కూర్చొని చెప్పాడు, ఆయన కూడా ఏడుస్తున్నాడు. "బ్రేకు మీద నిలబడ్డదమ్మా, రెండు కాళ్లతోని నిలబడ్డది. బండి నిలువలే. నేను హారన్ కొట్టుకుంట ఎనకకు తీసిన. నాకు తగలకుండ పక్కకు కోసింది, గా తల్లి" అన్నాడు. బండి వెనక్కి జారి గుట్ట అంచుకు పోయింది. పిల్ల తలుపు తీసి దూకింది. బండి దాని వైపే ఒరిగింది.

దవాఖానకు తీసుకపోయేసరికే అయిపోయింది. మొహం మీద చిన్న గీత కూడా లేదు. నిద్రపోయినట్టే ఉంది.

ఇది ఎవరు చేశారో నాకు తెలుసు. లింగయ్య చేశాడు. అవును, పేరు పెట్టే రాస్తున్నాను. ఇరవై మూడేండ్ల కాపురంలో మొగని పేరు ఎత్తని దాన్ని, ఇప్పుడు ఎత్తుతున్నాను. లింగయ్య. గాలి పట్టిందని నువ్వు రాసినప్పుడే నాకు తెలుసు అది ఎవరి గాలో. పొమ్మని నువ్వు రాస్తే నీతో కొట్లాడాను. పిల్లకు కాపలా ఉన్నాడనుకున్నాను. కాపలా కాదు, కాచుకొని కూర్చున్నాడు. సైదులు తాత సీటు కింద మేకు కొట్టి, కోడిని కోసి కట్టడి చేసినా పోలేదు. తాతను అడిగితే "నువ్వు మనస్ఫూర్తిగ పొమ్మన్లే బిడ్డా, గందుకే పోలే" అన్నాడు. నిజమే. నోటితో పొమ్మన్నాను, లోపల ఉండమన్నాను. ఉన్నాడు. ఉండి పిల్లను తీసుకపోయాడు.

ఆయన ఫోటో పీకి గడ్డివాములో పడేశాను. మాసికం పెట్టను. నీళ్లు వదలను. నా బిడ్డను మింగిన మనిషికి నా చేతి మెతుకు పెట్టను.

నువ్వు ముందే చెప్పావు. నేనే వినలేదు.

హనుమమ్మ


జైలు
20-9-2019

అక్కా,

ఈ జాబు నువ్వు కూర్చొని చదువు. చదివాక నన్ను ఏమైనా అను.

సంధ్య సంగతి సూపరింటెండెంటు సారు పిలిచి చెప్పాడు. బండి ఎట్లా ఆగిందని అడిగాను, ఆయనకు తెలియదు. గాలి తీసి దారి మూశాక ఎట్లా ఆగిందని అప్పటి నుంచి తల బద్దలు కొట్టుకున్నాను. నీ జాబు వచ్చింది. మేకు, కట్టడి అని చదివాను.  తర్వాత నీ పాత జాబులన్నీ ముందరేసుకొని మళ్లీ చదివాను.

అక్కా, బండికి గాలి పట్టింది అంటే బావ పట్టాడని కాదు.

మా షెడ్డులో గాలి అంటే ఉత్త గాలి. నువ్వూ నేనూ పీల్చే గాలి. టాంకు నుంచి ఇంజన్‌కు డీజిలు పోయే పైపులో ఎక్కడన్నా పగులు ఉంటే అందులో నుంచి గాలి దూరుతుంది. డీజిలుకు బదులు గాలి పోయి ఇంజన్ దగ్గి ఆగుతుంది. ఎక్కుడులో ఇంజన్ ఎక్కువ డీజిలు అడుగుతుంది, అందుకే కాలువ కట్ట దగ్గర ఆగింది. బావ అక్కడ పోయినందుకు కాదు. ఎత్తు ఎక్కడుంటే అక్కడ ఆగుతుంది. గాలి తీయించడమంటే పంపు కొట్టి ఆ బుడగలు బయటికి పంపడం. దారి మూయడమంటే ఆ పగులు పైపు తీసేసి కొత్తది వేయడం. ఈ కాలం పిల్లలు ఎయిర్ అంటారు. నేను మా ఉస్తాద్ నేర్పిన మాటే రాశాను. సంధ్య చదివి ఉంటే ఒక్క చూపులో తెలుసుకునేది. దానికి నా జాబు ముట్టబుద్ధి కాకుండా చేసిందీ నేనే.

పొమ్మను అని నేను రాసింది అమరేందర్‌ను. నువ్వు ఆయన, ఆయన అని రాస్తుంటే అమరేందర్ గురించే అనుకున్నాను. భార్య మొగని పేరు ఎత్తదని నాకు తెలియదా? మన అమ్మ, నాయిన పేరు ఎత్తగా ఎన్నడన్నా విన్నానా? అయినా తట్టలేదు. బావను పొమ్మని నేను నీతో అనిపించాను అక్కా.

ఇంకొకటి ఉంది. టాంకు నిండా పోయించి కట్ట ఎక్కిందని నువ్వు రాశావు. నిండా ఉంటే ఆగడం తక్కువని అంతకు ముందే రాశావు. షెడ్డుకు వచ్చి ఎవరన్నా ఆ మాట చెబితే "టాంకు సగం చేసి మళ్లీ ఎక్కించి చూడు" అనేవాడిని. ఆ ముక్క చదివాను. నాకు పనికొచ్చాననే సంతోషం ఎక్కువై దాని మీద నిలబడలేదు. ఊ అన్నాను. నూరుసార్లు అన్నాను.

బావ ఏ పాపమూ ఎరుగడు. నువ్వు మనస్ఫూర్తిగా పొమ్మనకపోవడం వల్ల ఏమీ కాలేదు. నీ తప్పు కాదు, బావ తప్పు కాదు. ఫోటో తెచ్చి గోడకు పెట్టు. ఇద్దరికీ కలిపి నీళ్లు వదులు.

నీకు నా మీద కోపం ఉందా అని అడగడానికి కూడా మొహం లేదు.

భిక్షపతి


దిండి
6-10-2019

భిక్షపతికి,

నీ జాబు వచ్చినాక చాలా రోజులు నమ్మలేదు. మీ బావను కాపాడడానికి కథ అల్లావనుకున్నాను. జైలులో ఉన్నా నా తమ్ముడు నా సంసారం చక్కబెడుతున్నాడు అనుకున్నాను.

మొన్న అమరేందర్‌ను పిలిచాను. మొహం చూపించడానికి ఎంత ఇబ్బంది పడ్డాడో పాపం. నీ జాబు చదివించాను. తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ గాలి ఎట్లా దూరుతుందో చూపించమన్నాను. "వద్దక్కా" అన్నాడు. "చూస్తేగానీ నాకు అన్నం దిగదు, పద" అన్నాను.

బండి పోలీసు స్టేషన్ వెనకాల పెట్టారు. వెనక భాగమంతా నుజ్జయింది, ముందర అద్దం కూడా పగల్లేదు. సీటు మీద దాని చున్నీ అట్లనే ఉంది. అది తీసి ఒడిలో పెట్టుకొని కింద కూర్చున్నాను. అమరేందర్ దవాఖానలో గ్లూకోజు ఎక్కించే పైపు లాంటి తెల్లటి పైపు ఒకటి ఇంజన్ దగ్గర తగిలించి, చేతిపంపు కొట్టాడు.

డీజిలు వచ్చింది. డీజిలు మధ్యలో బుడగలు వచ్చాయి. చిన్నవి, పిల్లలు సబ్బు నీళ్లతో ఊదే బుడగల కన్నా చిన్నవి. ఒకటి పోతే ఇంకొకటి. కొట్టినంతసేపూ వస్తూనే ఉన్నాయి. తర్వాత బండి కిందికి దూరి టాంకు పక్కనున్న రబ్బరు పైపు కోసి తెచ్చి నా చేతిలో పెట్టాడు. వంచి చూపించాడు. క్లిప్పు కింద వేలిగోరంత పగులు. సీటు కింద కూడా కాదు.

ఫోటో తుడిచి గోడకు పెట్టాను. ఆయన కాళ్లు ఉంటే పట్టుకునేదాన్ని. పక్కనే సంధ్యది పెట్టాను, లైసెన్సు కోసం దిగిన ఫోటో. అంతకన్నా మంచిది ఇంట్లో లేదు.

కోపం ఉందా అని అడగడానికి మొహం లేదన్నావు. ఉంది. నీ మీద ఉంది, నా మీద ఉంది, సైదులు తాత మీద ఉంది. ఎవరి మీద ఎంత పెట్టుకోవాలో తెలియడం లేదు. నువ్వు రాస్తే చదువుతాను. జవాబు రాస్తానో రాయనో చెప్పలేను.

ఊళ్లో సద్దుల బతుకమ్మ. వీధిలో పాటలు వినిపిస్తున్నాయి. తలుపు వేసుకొని ఇది రాస్తున్నాను. ఆ రబ్బరు ముక్క నా ముందరే ఉంది. ఊళ్లో ఏ షెడ్డులో అడిగినా ఊరికే ఇచ్చే ముక్కనట, అమరేందర్ చెప్పాడు. పొద్దుటి నుంచి దాన్ని చేతిలో వంచుతున్నాను, పగులు తెరుచుకుంటోంది, వదిలితే మూసుకుంటోంది.

గింతేనా తమ్మీ? నా బిడ్డ పానం తీసింది గింతేనా?

సంధ్య తల్లి
హనుమమ్మ